సహ్యాద్రి వానకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ బట్టలు

పీడీ మేడం అంటె ఏంది? మెడల విజిల్ ఏస్కొని, ఎండల నిలబడి, పిల్లలతోని ఖోఖో ఆడిపిచ్చెటామె. నాంపల్లిల ఆడపిల్లల డిగ్రీ కాలేజీల ఉద్యోగానికి చేరిన దినం నేను గూడ గంతే అనుకున్న. మా ఇంట్ల, మా వాడకట్టుల, ఆ మాటకొస్తె మా ఊరి చర్చి మొత్తంల డిగ్రీ సదివిన మొదటి మనిషిని నేనే. మెదక్ దిక్కు పల్లె మాది. అవ్వ నాట్లేసి, నాయిన కూలికి పోయి సదివిపిచ్చిన్రు. బీఏ చేసి, బీపీఎడ్ చేసి, అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతుల పట్టుకొని ఊరికి ఉరికితె మా అవ్వ ఏమడిగిందో తెల్సా?

"గింత సదివి ఆటలాడిపిస్తవా బిడ్డా? దానికి జీతం గూడ ఇస్తరా?"

ఇచ్చిన్రు అవ్వా. రిటైర్ అయ్యెదాక నెలనెల ఇచ్చిన్రు. గని దేనికి ఇస్తున్నరో నాకు సమజయ్యెటాలకు మస్తు టైం పట్టింది. ఆటలు ఎట్ల ఆడిపియ్యాలెనో అందరు నేర్పుతరు. పిల్లలకు ఏం తొడిగిచ్చి వానల కొండెక్కియ్యాలె అనేది ఏ బీపీఎడ్ పుస్తకంల లేదు. ఇప్పుడు కొత్తగ పీడీలుగ చేరెటోళ్ళు ఫోన్లు చేసి "మేడం, ట్రెక్కింగ్‌కు ఏం కొనాలె? పైసలు తక్కువున్నయ్" అంటున్నరు. గా మాట ఇంటె నాకు నోరాగది. గందుకే రాస్తున్న. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఇన్‌స్పెక్షన్లు ఇందుల దొరకయ్. తడిసిన ప్యాంట్లు దొరుకుతయ్.

జీన్సు ప్యాంట్ల వాన

తొంభైల నడుమ ముచ్చట. కాలేజీల ట్రెక్కింగ్ క్లబ్బు పెట్టిన. పెట్టిన అంటె నోటీసు బోర్డు మీద చాక్‌పీసుతోని రాసిన, గంతే. చాదర్‌ఘాట్, కాచిగూడ దిక్కులకెళ్ళి వచ్చే పిల్లలు వాళ్ళు. ఇంటికెళ్ళి కాలేజీ, కాలేజీకెళ్ళి ఇల్లు, నడుమల సిటీ బస్సు. వాళ్ళెక్కిన ఎత్తు ఏదన్న ఉంటె గుడి ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట మెట్లే.

ఆగస్టుల ఒక ఆదివారం పొద్దుగాల నాంపల్లి స్టేషన్‌ల ప్యాసింజర్ ఎక్కి, వికారాబాద్‌ల దిగి, అనంతగిరి గుట్టలకు పోయినం. ఎక్కినప్పుడు చెమటలు కారుతున్నయ్. ట్రిప్పు గదా, పిల్లలు ఉన్నయిల మంచివి ఏస్కొచ్చిన్రు. అప్పట్ల ఆడపిల్లలు జీన్సు ఏసుడు కొత్త. పక్కింటామెను అడుక్కొని అయినా సరే జీన్సు సంపాయించిన్రు. మందం బట్ట, గట్టి బట్ట, కొండెక్కెటోళ్ళు గదే ఏస్తరని నేను గూడ మెచ్చుకున్న.

సగం గుట్ట ఎక్కంగనే మొగులు ముసిరింది. వాన కొట్టింది. ఆగింది. ఎండ గూడ వచ్చింది. మళ్ళ గాలితోని కొట్టింది. గా జీన్సులు ఎన్ని నీళ్ళు తాగినయంటె ఒక పిల్ల నడుమ పట్టుకొని నిలబడ్డది.

"మేడం, కాళ్ళకు నీళ్ళ బిందెలు కట్టినట్టుంది. ప్యాంటు నాతోని వస్తలేదు!"

వాపస్ వచ్చేటప్పుడు రైల్ల కిటికీ గాలికి అందరు వణికిన్రు. ఒక్క పద్మ వణకలే. పద్మ అంటె క్లబ్బు మొత్తంల చిన్న మనిషి, గట్టి మనిషి. వాళ్ళ నాయిన ఎల్లయ్యకు చాదర్‌ఘాట్‌ల ఇస్త్రీ బండి. ఆమెకు జీన్సు దొరకలే. స్కూల్ల ఆటలకు ఇచ్చిన పాత పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు ఏస్కొచ్చి, సిగ్గుతోని అందరికంటె ఎనుక నడిచింది. నాంపల్లి రాకముందే గా ప్యాంటు ఆరిపోయింది! నేను ముట్టుకొని చూసిన. నాకు ఆశ్చర్యం ఆగలే.

"నీదెట్ల ఆరింది?"

"తెల్వది మేడం. చీప్‌ది గదా, గందుకేమో" అన్నది పాపం.

తెల్లారి ఇద్దరు పిల్లలకు జరం. ఒక పిల్ల తండ్రి కాలేజీకొచ్చి వరండల లొల్లి చేసిండు. మా ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచింది. సికింద్రాబాద్ ఆమె. గంజి పెట్టిన చీరె, గంజి పెట్టిన మాట. నేను చూసిన బాసులల్ల కొందరు ఊకె తిడుతరు, కొందరు తిట్టకుండ ఎనుక చాడీలు చెప్తరు. ఈమె కారణం చెప్పి తిట్టేది. గసొంటి బాసు దొరికితె ఇడిచిపెట్టకుండ్రి.

"సుగుణా, నేను ట్రెక్కింగ్ వద్దనను. ఇంకోసారి తీసుకెళ్ళండి. ఎక్కడికి అనుకుంటున్నారు?"

పూణెల నాతోని బీపీఎడ్ చేసిన దోస్తు ఉన్నది. వాళ్ళ కాలేజీ పిల్లలతోని కలిసి కోట ఎక్కుదాం రమ్మని పిలిచింది. "సహ్యాద్రి కొండలు మేడం. వచ్చే జూలైల."

"జూలైలో అక్కడ వాన ఆగుతుందా?"

"ఆగదు మేడం."

ఆమె అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "అయితే వినండి. ఒక్క పిల్ల జ్వరంతో తిరిగొచ్చినా క్లబ్బు ఆ రోజే మూసేస్తాను. మళ్ళీ అడగొద్దు. ఎకనామిక్స్ విమలని మీతో పంపిస్తా. చూసింది చూసినట్టు ఆమె నాకు చెప్తుంది."

బయటికొస్తె పన్నెండు మంది పిల్లలు తలుపు చాటుకు నిలబడి మొత్తం ఇన్నరు. వాళ్ళ ముఖాలు చూస్తె నాకు సమజయింది. వాళ్ళకు గిది పిక్నిక్ కాదు. ఇంటికి, కాలేజీకి నడుమల ఉన్న ఒకే ఒక్క సందు. గది మూతపడితె ఇగ తెర్వరు.

హాస్టల్ మిద్దె మీద పందెం

పద్మ ప్యాంటు నా దిమాగ్‌ల తిరుగుతనే ఉన్నది. ఒక వాన దినం హాస్టల్ మిద్దె మీద రేకుల షెడ్డు కింద తాడు కట్టినం. జీన్సు, కాటన్ చుడీదార్, పద్మ ట్రాక్ ప్యాంటు, కోఠిల చలికాలం అమ్మే స్వెటర్, మా ఊరికెళ్ళి తెచ్చిన గొంగడి, అన్ని బకెట్ల ముంచి, పిండి, ఆరేసినం. పందెం కట్టుమన్న.

"కాటన్ మేడం! కాటన్‌కు గాలాడుతది!"

"అవునే, మా అమ్మమ్మ గూడ గదే అంటది. పాలిస్టర్ ఒంటికి మంచిది కాదు."

"స్వెటరే ఫస్టు. ఊలుకు వానంటె భయం లేదు. గొర్రె వానల తడుస్తలేదా?"

"గొర్రెకు ఆరెటందుకు పని లేదే, నీకు క్లాసున్నది!"

పొద్దుగూకక ముందే పద్మ ప్యాంటు ఆరింది. మర్నాడు మధ్యాహ్నం గూడ జీన్సు నడుము కాడ పిండితె నీళ్ళొచ్చినయ్. గా దినంకెళ్ళి పద్మ అందరికంటె ముందల నడుసుడు షురూ చేసింది.

సంగతి ఏందంటె, పత్తి నీళ్ళను తాగి దాచుకుంటది. గా నీళ్ళు మన ఒంటి వేడిని గుంజుకుంటయ్. పాలిస్టర్‌కు దప్పి తక్కువ, తాగది. మే నెలల హైదరాబాద్‌ల కాటన్ కంటె మంచి బట్ట లేదు, నేను గూడ గదే కడుత. వానల కొండ మీద మాత్రం గా కాటనే మనను సల్లబరుస్తది. గొంగడి సంగతి గూడ నిజం చెప్తా. తడిసినా వెచ్చగనే ఉంటది, మా గొల్లోళ్ళు వట్టిగ కప్పుకోలే. గని తడిసిన గొంగడి ఎత్తి చూస్తె షాట్‌పుట్ గుండు గుర్తొచ్చింది. కూసున్నోళ్ళకు బంగారం, ఎక్కెటోళ్ళకు మోత.

ఇంతకు కాలేజీ పిల్లలు కాటన్‌ను గొప్ప, పాలిస్టర్‌ను పేద అనుకుంటున్నరు. వాన గట్ల అనుకుంటలేదు! గీ ముచ్చట నాకు ఎంత సంబురమైందంటె, స్టాఫ్ రూంల దొరికినోళ్ళకల్ల చెప్పిన. విమల మేడం చేతిల పుస్తకం దించకుండనే "బాగుందండీ, ఇక మీరు టెక్స్‌టైల్స్‌లో పీహెచ్‌డీ చెయ్యండి" అన్నది.

ఆదివారం ఆబిడ్స్

ట్రాక్ ప్యాంట్లు అయితె ఆటల కోటాల ఉన్నయ్. పైకి వెచ్చటిది గావాలె. ఆదివారం ఆబిడ్స్‌ల షట్టర్లు మూసి ఉంటయ్, ఫుట్‌పాత్ మొత్తం తెరిచి ఉంటది. పాత పుస్తకాల పక్కల పాత ఫారిన్ బట్టల కుప్పలు. గాడ ఖాదర్ భాయ్ కుప్ప పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"రాండి మేడం, అస్లీ లండన్ మాల్. గీ జాకెట్ సముద్రంల ఏసినా తడవది."

"సముద్రం ఎందుకు భాయ్, నా బాటిల్ చాలు" అని నీళ్ళు పోసిన. జల్లెడ్ల పోసినట్టు కిందికొచ్చినయ్.

"అరె మేడం! కొనెటందుకొచ్చిన్రా, తానం పోసెటందుకొచ్చిన్రా?"

"వాటర్‌ప్రూఫ్ అంటివి గదా?"

"వాటర్ తగల్నంత సేపు ప్రూఫే మేడం!"

నవ్వి ఇంకొకటి తీసిన. నోటికి గట్టిగ ఆనిచ్చుకొని ఊదిన. ఊపిరి అవతలికి పోతె గాలి గూడ ఇవతలికొస్తది. ఏ లేబుల్ చదవకుండ్రి, లేబుళ్ళు ఫుట్‌పాత్ మీద గూడ అబద్ధమాడుతయ్, పెద్ద షోరూంల గూడ. నీళ్ళు పోసి చూడుండ్రి, ఊది చూడుండ్రి.

గట్ల తవ్వంగ తవ్వంగ చేతికొకటి తగిలింది. గొర్రెపిల్ల ఈపు లెక్క మెత్తగ, పీచు పీచుగ, బరువే లేదు. పేరు తెల్వది. ఫ్లీస్ అంటరని తర్వాత తెల్సింది. దాని మీద బాటిల్ మొత్తం కుమ్మరిచ్చి, పిండి, గట్లనే తొడుక్కున్న. సల్లగ ఉంటదని దవడ బిగబట్టిన. సల్లగ లేదు! కాసేపట్ల వెచ్చబడ్డది గూడ! నడిరోడ్డు మీద తడి జాకెట్ల నవ్వుకుంట నిలబడ్డ.

ఖాదర్ భాయ్ పక్క పుస్తకాలాయన దిక్కు తిరిగి మెల్లగ అన్నడు: "మేడంకు ఏమన్న తబియత్ ఖరాబా?"

"భాయ్, గిది నాకు. గిసొంటివి ఇంక పన్నెండు తీయి."

ఒక్కొక్కటి రెండు ప్లేట్ల బిర్యానీ కంటె తక్కువల పడ్డది. రెయిన్‌కోట్లు మాత్రం ఫుట్‌పాత్ మీద కొనలే. రెయిన్‌కోటుకు లోపల ఒక పొర ఉంటది, గదే వాననాపేది. పాతదైతె గా పొర ఎండి పొట్టు పొట్టు రాలుతది. గందుకే గేమ్స్ ఫండ్‌ల మిగిలిన పైసలన్ని పెట్టి నాంపల్లిల ఒక దుకాణంల కొత్తయి, పల్చటి నైలాన్‌వి తీసుకున్న. పైసలు గాడికి ఖతం.

మంది బట్ట

జాకెట్లు చూసి పిల్లలు ఎగిరిన్రు. విమల మేడం రెండు వేళ్ళతోని ఒకటి పట్టి ఎత్తి "ఎవరో వాడి పారేసినవి కదండీ" అన్నది. ఆమె అంటె నాకేం బాధ లేదు. బాధ ఎల్లయ్య దగ్గర మొదలైంది. పద్మ జాకెట్ ఇంటికి తీస్కపోతె మర్నాడు వాపస్ తెచ్చింది. నేను చాదర్‌ఘాట్ పోయిన. ఎల్లయ్య బండి మీద తెల్ల చొక్క పరిచి, బొగ్గుల పెట్టె పక్కకు పెట్టి, దండం పెట్టిండు.

"మేడం, కోపం చేసుకోకుండ్రి. పొద్దంత మంది బట్టలు నా చేతిలనే ఉంటయ్. ఆఫీసర్ల సూట్లుంటయ్, పెండ్లి చీరెలుంటయ్. ఒక్క గంట నా పిల్లలకు తొడిగితె ఎవలికి తెల్వది. గని ఒక్కనాడు తొడగలే. గిప్పుడు సచ్చినోళ్ళ బట్ట తొడగమంటరా?"

"సచ్చినోళ్ళదని ఎవరన్నరు ఎల్లన్నా?"

"మరి బతికున్నోళ్ళు గింత మంచి బట్ట ఇడిచిపెడుతరా మేడం?"

మనం చిరిగెదాక తొడిగెటోళ్ళం. చిరగకముందు పారేసెటోళ్ళు ఉంటరని ఎట్ల చెప్పాలె?

పద్మ మెల్లగ అన్నది: "నాయినా, జాకెట్ లేకుండనే పోత."

"పోతె నీకు జరమొస్తది. క్లబ్బు బందయితది. మిగిలిన పిల్లల ఉసురు మనకు తాకుతది" అన్నడు ఎల్లయ్య. అంటె ప్రిన్సిపాల్ షరతు ఆయనకు గూడ తెల్సు! కాసేపు బొగ్గులు ఊదిండు. నిప్పు ఎర్రగైంది.

"ఒక పని చేయుండ్రి. మొత్తం పన్నెండు జాకెట్లు తెచ్చియ్యుండ్రి. నా పెట్టె కిందికెళ్ళి వచ్చిన బట్ట నా లెక్కల కొత్త బట్ట. నిప్పు తాకినంక ఇగ ఎవలదైతేంది? ఆ రెయిన్‌కోట్లు గూడ తేండ్రి. పూణెకు పిల్లలు ముడుతల బట్టలతోని పోతె హైదరాబాద్ ఇజ్జత్ ఏంగావాలె? పైసలు మాత్రం తీసుకోను."

నాకు నెత్తిమీది బరువు దిగింది. అన్ని మూటకట్టి ఇచ్చిన.

లోపలి పొర

రైలుకు ఇంక రెండు దినాలున్నయనంగ ఎల్లయ్య మూట నెత్తినేస్కొని గేమ్స్ రూంకొచ్చిండు. మనిషి రంగు మారిపోయి ఉన్నది. జాకెట్లు తీసి పక్కకు పెట్టిండు, అవి మంచిగున్నయ్. రెయిన్‌కోట్లు తీసిండు. బయటికి ఒక్క ముడుత లేదు, అద్దం లెక్క మెరుస్తున్నయ్.

"గివి కాలలే మేడం. చూడుండ్రి, కాలలే. గని..."

ఒకటి ఇప్పిండు. చర్ర్ మని చప్పుడొచ్చింది. లోపలి పొర అప్పడాలు ఒకదానికొకటి అంటుకున్నట్టు అంటుకొని, తోలు లేసినట్టు లేసొచ్చింది.

చూడుండ్రి, ఎల్లయ్య పనిల తప్పు లేదు. నైలాన్ బట్ట వస్తె పెట్టె సల్లగ చేస్కోవాలె, మెరుపు పోకుండ తిరిగేసి, మీద పల్చటి గుడ్డ పరిచి చెయ్యాలె. ఇస్త్రీ చేసెటోళ్ళ పద్ధతి గదే. గంత జాగ్రత్తగ తిరిగేసిండు గాబట్టే వాననాపే పొర పెట్టె కిందికొచ్చింది. వెచ్చగున్నప్పుడే మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చిండు. తెల్లారెటాలకు అన్ని ఒక్కటే ముద్ద. రెయిన్‌కోటును ఇస్త్రీ చెయ్యొద్దని చెప్పాలెనని ఎవరికి తోస్తది?

"గిన్నేండ్లల్ల ఒక్క బట్ట పాడుచేసినోణ్ణి కాదు మేడం. పద్మను తీస్కపోకుండ్రి. మంది పిల్లల బట్టలు ఖరాబ్ చేసినోని బిడ్డ ఏ ముఖం పెట్టుకొని పోతది?"

తలుపు కాడ నిలబడ్డ విమల మేడం అడిగింది: "సుగుణ గారూ, క్యాన్సిల్ అని ప్రిన్సిపాల్‌కి చెప్పమంటారా?"

నేను కోటు కింద బకెట్ పెట్టి నీళ్ళు పోసి చూస్తున్న. పొర ఊడిన తాన కారుతుంది, సరే. పొర పొర అంటుకున్న తాన గోరుతోని గీకినా ఊడుతలేదు. దిమాగ్‌ల గంట కొట్టింది.

"ఎల్లన్నా, గీ పెట్టె ప్లాస్టిక్‌ను కరగబెట్టి గింత గట్టిగ అతికిచ్చిందంటె, మనం కావాలని అతికియ్యొచ్చు గదా?"

ఇద్దరం నాంపల్లి మార్కెట్ దిక్కు పోయినం. వానకాలం బండ్ల మీద కప్పే మందం పాలిథీన్ షీటు, బర్సాతి అంటరు గదా, గది మీటర్ల లెక్క తెచ్చినం. మా ఊర్ల నాట్లేసే ఆడోళ్ళు యూరియా సంచి ఒక మూలను ఇంకో మూలలకు దూర్చి నెత్తిమీదికెళ్ళి కప్పుకుంటరు, కొప్పెర అంటం. ఈపు, నెత్తి తడవయ్, చేతులకు పని అడ్డం రాదు. గదే అచ్చు. మోకాళ్ళ దాక వచ్చేటట్టు కత్తిరిచ్చి, అంచు మీద పేపర్ పరిచి, ఎల్లయ్య పెట్టెతోని నొక్కిండు. మొదటిది కరిగి పేపర్‌కు అంటుకున్నది. రెండోది అతకనే లేదు. మూడోదానికి ఆయన చెయ్యి తీరు కుదిరింది. గంజి బట్ట మీద జారినట్టు జర్రున ఒక్కసారి లాగుడు, గంతే. పేపర్ల అచ్చు ప్లాస్టిక్ మీద ఉల్టా పడ్డది. ఒక పిల్ల భుజం మీద సినిమా అడ్వర్‌టైజ్‌మెంట్, ఇంకో పిల్లకు సిమెంట్ ధరలు.

విమల మేడం కొప్పెర ఏస్కోనన్నది. "కూరగాయల బస్తాలా ఉంటానండీ. నాకు గొడుగుంది." నేను బలవంతం చెయ్యలే. ప్రిన్సిపాల్ పంపిన మనిషి గదా అని ఊకున్న. మీరు ఊకోకుండ్రి.

"మరి పద్మ వస్తదా?" అని అడిగిన.

ఎల్లయ్య ఆఖరి కొప్పెర మడతబెట్టబోయి, భయపడి, తాడు మీద ఆరేసిండు. "వస్తది మేడం. పన్నెండు మంది మీద నా చేతిపని పోతుంటె, నా బిడ్డ ఇంట్ల కూసుంటదా?"

రైలెక్కక ముందు జర ఇనుండ్రి

కొత్తోళ్ళు పైసలన్ని రెయిన్‌కోటు మీద పెడుతరు. నేనైతె ముందు కాళ్ళకు పెడుత. తోలు బూట్లు తడిస్తె రెండు దినాలు ఆరయ్. గుడ్డ పీటీ షూస్ పాచి మీద జారుతయ్. ఫుట్‌బాల్ పిల్లలు ఏసే రబ్బర్ గుండీల బూట్లు చవుక, నీళ్ళు ఇట్లొచ్చి అట్ల పోతయ్, పట్టు మంచిగుంటది. కాళ్ళు తడవకుండ చూసుకుందామనుకోకుండ్రి, తడుస్తయ్.

రెండోది, ఒక జత పొడి బట్టలు పాలిథీన్ కవర్ల కట్టి సంచి అడుగున. నడిచేటప్పుడు సచ్చినా వాటిని ముట్టద్దు. పన్నెండు మంది తోని ఒట్టేపిచ్చిన.

రెండువేల సంవత్సరం తర్వాత బషీర్‌బాగ్ దిక్కు పెద్ద పెద్ద ట్రెక్కింగ్ గేర్ షాపులొచ్చినయ్. మంచి జాకెట్లున్నయ్, నేను గాదనను, తాకి తాకి చూసిన. గని నెల జీతమంత జాకెట్ ఏస్కొని లోపల కాటన్ బనీను తొడిగిన పిల్లలను చూసిన. బయటికి ఎవరెస్టు, లోపల మే నెల! ఎక్కుతుంటె చెమటకు బనీను తడిసి, నిలబడంగనే వణుకు. జాకెట్ వాననాపుతది, చెమటనెట్ల ఆపుతది? ఒంటికి తగిలే బట్ట మొదలు చూడుండ్రి.

కోట మీద

పూణె కాడ కొండ కింద దిగినప్పుడు ఎండ. మా దోస్తు పిల్లలు మా కొప్పెరలు చూసి నవ్విన్రు. మావోళ్ళు ఊకుంటరా? "మా భుజాల మీద సినిమా నడుస్తుంది, టికెట్ తీస్కోండ్రి" అన్నరు.

నడుమకు ఎక్కెటాలకు మొగులు మా మీదికే దిగింది. వాన పైకెళ్ళి వస్తదనుకుంటం గదా? గాడ పక్కకెళ్ళి వస్తది, కిందికెళ్ళి గూడ వస్తది! కొప్పెరలు గాలికి పటపట కొట్టుకున్నయ్, అంచులు మాత్రం ఊడలే. పిల్లల కాళ్ళు తడిసినయ్, ముఖాలు తడిసినయ్, నోళ్ళు మాత్రం ఆగలే. పాటలు.

విమల మేడం గొడుగు మొదటి గాలికే పువ్వు లెక్క ఉల్టా ఇచ్చుకున్నది. మందం కాటన్ చుడీదార్, మీద శాలువ, అన్ని తడిసి ముద్ద. మొదలు విసుక్కున్నది. తర్వాత వణికింది. తర్వాత మాటలు ఆగినయ్. గీ మూడోది గుర్తుపట్టుండ్రి, వణికెటోళ్ళ కంటె ఊకున్నోళ్ళను చూసి భయపడాలె. శాలువ పిన్ను తీద్దామని చూస్తె ఆమె వేళ్ళు ఇనలే.

"మీరు వెళ్ళండి. నేను ఇక్కడే కూర్చుంటా" అన్నది, నిద్రల మాట్లాడినట్టు.

కోట గోడ చాటుకు తీస్కపోయినం. పిల్లలు కొప్పెరలు పట్టుకొని చుట్టు తడిక కట్టిన్రు. తడి కాటన్ మొత్తం ఇడిపిచ్చిన. లోపలికి పొడి జతలు అందరి సంచులల్ల ఉన్నయ్, మీద వెచ్చటిది ఏమున్నది? అందరు జాకెట్లు ఏస్కొని ఉన్నరు, అవి చెమటకు, జల్లుకు తడిగున్నయ్. పద్మ ఒక్కతే ఉడుకపోస్తుందని జాకెట్ తియ్యకుండ సంచిలనే ఉంచింది. జాకెట్ తీసింది. ఒట్టేసిన పొడి బట్టల కవర్ గూడ తీసి నా చేతిల పెట్టింది.

"పద్మా, మరి నీకు?"

"నేను నడుస్తనే ఉంట గద మేడం. నాకు కొప్పెర ఉన్నది. మా నాయిన చేసింది."

విమల మేడం తొడుక్కున్నది. ఎవరిదని అడగలే. బెల్లం ముక్క నోట్ల పెట్టి, నడుమల కూసోబెట్టుకొని, చేతులు రుద్దినం. కాసేపటికి మళ్ళ వణుకుడు మొదలైంది. నాకు సంబురం, వణుకుతుందంటె ఒళ్ళు తిరిగి పనిచేస్తున్నదన్నట్టు. ఇంకొంచెం సేపటికి కండ్లు తెరిచి జాకెట్ చేయి దిక్కు చూసింది.

"ఒక్క ముడత లేదు కదండీ" అన్నది.

పిల్లలు నవ్విన నవ్వుకు కోట గోడ కదిలింది. దిగినం. పద్మ పల్చటి పాలిస్టర్ అంగి మీద తడుస్తనే, అందరికంటె ముందల దిగింది.

వరండ

వాపస్ నాంపల్లి స్టేషన్‌ల దిగి సీదా కాలేజీకి నడిచినం. ప్రిన్సిపాల్ మేడం హుకుం గది, ఇండ్లకు పోకముందు తనకు కనబడాలె. వరండల నిలబెట్టింది. ఎల్లయ్య గేటు కాడ బిడ్డ కోసం నిలబడ్డడు, లోపలికి రాలే.

ప్రిన్సిపాల్ మేడం ఒక్కొక్క పిల్ల నుదురు మీద చెయ్యి ఎనుక దిక్కు ఆనిచ్చి చూసుకుంట వస్తుంది. సల్లగ. సల్లగ. సల్లగ. ఆఖర్ల పద్మ. రైల్ల గూడ గా పిల్ల మాట్లాడలే, అలసటనుకున్న. ప్రిన్సిపాల్ చెయ్యి గాడ ఆగింది. తిప్పి, అరచేయి పెట్టి మళ్ళ చూసింది.

"ఈ పిల్లకి జ్వరం."

తడిస్తె జరమొస్తదా రాదా అని డాక్టర్లల్లనే రెండు మాటలున్నయ్. గాడ డాక్టర్లు లేరు.

"సుగుణా, మనం ఏమనుకున్నాం?"

"ఒక్క పిల్లకొచ్చినా మూసేస్తరని, మేడం."

గేటు కాడ ఎల్లయ్య తల దించుకున్నడు. పద్మ కండ్లల్ల నీళ్ళు. "మేడం, జరం కాదు మేడం, ఎండకు గిట్ల..." అన్నది. బయట మొగులు పట్టి ఉన్నది.

విమల మేడం ముందలికొచ్చింది. ఇంకా గా జాకెట్టే ఏస్కొని ఉన్నది. "మేడం, చూసింది చూసినట్టు చెప్పమన్నారు కదా. ఆ పైన పడిపోయింది నేను. పన్నెండు మంది పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇది ఈ అమ్మాయి జాకెట్టు. లోపల బట్టలూ ఈ అమ్మాయివే. నాకిచ్చి, తను తడుస్తూ దిగింది."

ప్రిన్సిపాల్ మేడం జాకెట్ చూసింది, పద్మను చూసింది. నా దిక్కు తిరిగింది.

"మీ దగ్గర ఎక్స్‌ట్రా జాకెట్ లేదా?"

"లేదు మేడం. పన్నెండు మందికి పన్నెండు, నాకొకటి కొన్న."

"పద్నాలుగో మనిషిని పంపింది నేను." గీ మాట మెల్లగ అన్నది. తర్వాత మామూలు గొంతు వచ్చేసింది. "ఇకమీద రెండు ఎక్కువ కొనండి."

ఇకమీద! పిల్లలకు సమజయ్యెటందుకు ఒక నిమిషం పట్టింది. నాకు గూడ.

"రెండెందుకు మేడం? ఒకటి చాలదా?" అన్న, నోరాగక.

"ఒకటి పడిపోయేవాళ్ళకి. ఇంకోటి ఇచ్చేవాళ్ళకి." గేటు దిక్కు చెయ్యి ఊపి ఎల్లయ్యను లోపలికి పిలిచింది. "అమ్మాయిని తీసుకెళ్ళండి. డాక్టర్‌కి చూపించండి. తగ్గేదాకా కాలేజీకి రావద్దు, అటెండెన్స్ నేను చూసుకుంటా."

ఎల్లయ్య పద్మ సంచి భుజానికేస్కున్నడు. పద్మ నాలుగడుగులు పోయి ఎనుకకు తిరిగింది. కండ్లు జరానికి ఎర్రగున్నయ్, ముఖం మాత్రం ఎలిగిపోతుంది.

"మేడం, మళ్ళొచ్చేసారి ఎటు పోతం?"

"ముందు ఇంటికి పో!" అన్నది ప్రిన్సిపాల్ మేడం.

ఇగ ఎటు పోవద్దని మాత్రం అనలే.